కామన్ లిస్ప్‌లో ఎర్రర్ హ్యాండ్లింగ్‌ను మన అవసరానికి పెంచుకోవడం: అడుగడుగుకీ మార్గదర్శి

కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తప్పులను పట్టుకునే హ్యాండ్లర్-కేస్ వాడటం చేతికొచ్చాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "ఇవే నాలుగు లైన్లు ప్రతి ఫంక్షన్‌లోనూ రాస్తున్నాను. మూడుసార్లు ప్రయత్నించడం, లాగ్ రాయడం, చివర్లో ఫైల్ మూయడం. వీటన్నిటినీ ఒక మ్యాక్రోలో పెట్టేయడం ఎలా?"

మ్యాక్రో (మనం రాసిన చిన్న ముక్కను పెద్ద కోడ్‌గా విస్తరించేది) రాయడం ఇందులో చివరి పని, అన్నిటికంటే చిన్న పని కూడా. దానికి ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: లోపం ఎక్కడ బయటపడుతుంది, దాని మీద నిర్ణయం ఎవరు తీసుకుంటారు. ఈ రెండూ కలగాపులగం అయితే ఎంత అందమైన మ్యాక్రో రాసినా ఆరు నెలల్లో తీసి పారేయాల్సి వస్తుంది.

కోడ్ గురించి ఒక మాట. కింది ముక్కల్లో భాష సొంత పదాలను, ఫార్మాట్ గుర్తులను కూడా తెలుగు లిపిలోనే రాశాను. ఎడిటర్‌లో వాటిని మామూలు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కొట్టాలి. మనం పెట్టుకునే పేర్లను మాత్రం కామన్ లిస్ప్ కంపైలర్ అయిన ఎస్‌బీసీఎల్ తెలుగులోనే తీసుకుంటుంది. ఒక జాగ్రత్త అవసరం: "మళ్ళీ", "మళ్లీ" మన కంటికి ఒకటే, లిస్ప్‌కి రెండు వేర్వేరు పేర్లు. టైప్ చేసేటప్పుడు మధ్యలో దూరే కంటికి కనపడని జాయినర్ అక్షరాలూ ఇలాగే పేరును మార్చేస్తాయి. ఒక స్పెల్లింగ్ ఎంచుకుని దానికే కట్టుబడండి.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఎస్‌బీసీఎల్, ఎడిటర్‌గా ఈమ్యాక్స్, అందులో లిస్ప్‌తో మాట్లాడే స్లైమ్ లేదా స్లై ఉంటే చాలు. కండిషన్ వ్యవస్థ (తప్పు వివరాలను మోసే వస్తువే కండిషన్) భాష ఆన్సీ ప్రమాణంలో భాగం కాబట్టి వేరే లైబ్రరీ అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఈ నాలుగు విషయాలు గట్టిగా తెలిసి ఉండాలి. తర్వాత వచ్చే ప్రతి అడుగూ వీటి మీదే నిలబడుతుంది.

- ఎర్రర్ అని పిలవగానే స్టాక్ (ఒకదాన్నొకటి పిలిచి ఇంకా నడుస్తున్న ఫంక్షన్ల వరుస) చెరిగిపోదు. హ్యాండ్లర్ (తప్పును అందుకునే కోడ్) కోసం వెతుకులాట జరిగేటప్పుడు తప్పు జరిగిన చోటు అలాగే ఉంటుంది.
- హ్యాండ్లర్-కేస్ ముందు స్టాక్‌ను వెనక్కి చుట్టేసి, ఆ తర్వాతే మన క్లాజ్‌ను నడుపుతుంది. అప్పటికి తప్పు జరిగిన చోటు ఉండదు.
- హ్యాండ్లర్-బైండ్ మన ఫంక్షన్‌ను తప్పు జరిగిన చోటి పైనే నడుపుతుంది. ఆ ఫంక్షన్ మామూలుగా తిరిగొస్తే "నాకు సంబంధం లేదు, తర్వాతివాళ్ళను అడుగు" అని అర్థం. బాధ్యత తీసుకోవాలంటే రిటర్న్-ఫ్రమ్, త్రో, గో, ఇన్వోక్-రీస్టార్ట్ వంటి వాటితో బయటకు దూకాలి.
- ఎవరూ తీసుకోకపోతే, ఎర్రర్‌తో లేపింది డీబగ్గర్‌లోకి వెళ్తుంది. సిగ్నల్‌తో లేపింది నిల్ ఇచ్చి ముందుకు సాగిపోతుంది. వార్న్‌తో లేపింది హెచ్చరిక అచ్చువేసి సాగుతుంది.

మూడో విషయం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. హ్యాండ్లర్-బైండ్‌లో లాంబ్డా చివర ఒక విలువ రాసి, అదే మొత్తం ఫలితంగా వస్తుందని ఎదురుచూస్తారు. ఆ విలువను ఎవరూ పట్టించుకోరు.

## 2. కొత్తది నిజంగా కావాలా?

భాషలో ఉన్నదే సరిపోయే సందర్భాలు మనం అనుకునే కంటే ఎక్కువ. ముందు ఈ జాబితా చూడండి.

- తప్పయితే నిల్ చాలు: ఇగ్నోర్-ఎర్రర్స్. రెండో విలువగా కండిషన్ కూడా ఇస్తుంది, దాన్ని చూడకుండా వదిలేయకండి.
- తప్పు జరగకపోతేనే చేయాల్సిన పని ఉంది: హ్యాండ్లర్-కేస్‌లో :నో-ఎర్రర్ క్లాజ్.
- "వదిలేసి ముందుకు వెళ్ళు" అనే ఒక్క దారి చాలు: విత్-సింపుల్-రీస్టార్ట్.
- ఆపి అడిగి, సరేనంటే కొనసాగాలి: సీఎర్రర్.
- ఆర్గ్యుమెంట్ రకం సరిచూడాలి: చెక్-టైప్. తప్పు విలువ వస్తే కొత్త విలువ అడిగే రీస్టార్ట్ (తప్పు నుంచి తేరుకునే దారి) దానితోపాటే వస్తుంది.

ఇవి సరిపోకపోతేనే మూడో అడుగు.

## 3. ముందు కండిషన్ల కుటుంబం

ఉదాహరణకు లైన్‌కొక ధర ఉన్న ఒక ఫైల్ తీసుకుందాం. కొన్ని లైన్లలో అంకె బదులు చెత్త ఉంటుంది. ఒక తల్లి కండిషన్, దాని కింద పిల్లలు:

```
(డిఫైన్-కండిషన్ ధర-లోపం (ఎర్రర్)
  ((సంఖ్య :ఇనిట్ఆర్గ్ :సంఖ్య :ఇనిట్ఫార్మ్ నిల్ :రీడర్ లోపం-సంఖ్య)
   (లైన్  :ఇనిట్ఆర్గ్ :లైన్  :ఇనిట్ఫార్మ్ నిల్ :రీడర్ లోపం-లైన్)
   (మూలం :ఇనిట్ఆర్గ్ :మూలం :ఇనిట్ఫార్మ్ నిల్ :రీడర్ లోపం-మూలం))
  (:రిపోర్ట్
   (లాంబ్డా (సి స్ట్రీమ్)
     (ఫార్మాట్ స్ట్రీమ్ "లైన్ ~ఎ చదవలేకపోయాం: ~ఎ"
             (లోపం-సంఖ్య సి) (లోపం-లైన్ సి)))))

(డిఫైన్-కండిషన్ ధర-అంకె-లోపం (ధర-లోపం) ())
(డిఫైన్-కండిషన్ ధర-ఖాళీ-లోపం (ధర-లోపం) ())
```

ప్రతి స్లాట్‌కీ :ఇనిట్ఫార్మ్ ఇవ్వడం అలంకారం కాదు. స్లాట్ ఖాళీగా ఉంటే, రిపోర్ట్ ఫంక్షన్ దాన్ని చదవబోయి తానే ఇంకో ఎర్రర్ లేపుతుంది. డీబగ్గర్‌లో అసలు సందేశం బదులు ఆ రెండో గొడవ కనిపిస్తుంది. అంతకంటే చిరాకు పుట్టించేది ఇంకోటి ఉండదు.

స్లాట్లను రీడర్ ఫంక్షన్లతోనే చదవండి. కండిషన్ల మీద స్లాట్-వాల్యూ పనిచేస్తుందని ప్రమాణం హామీ ఇవ్వదు. అలాగే కండిషన్‌ను చేత్తో తయారుచేయాలంటే మేక్-ఇన్‌స్టన్స్ కాదు, మేక్-కండిషన్ వాడాలి.

పిల్లల్ని ఎన్ని పెట్టాలి? ఎవరైనా ఆ రకాన్ని విడిగా పట్టుకుని వేరే పని చేసే అవకాశం ఉంటేనే కొత్త రకం. లేకపోతే స్లాట్‌లో ఒక కీవర్డ్ చాలు.

## 4. కింది పొర: లోపం చెప్పు, దారులు చూపించు

కింది ఫంక్షన్‌కు తప్పు ఏమిటో తెలుసు, దాని నుంచి ఎలా తేరుకోవచ్చో తెలుసు. ఏ దారి మంచిదో తెలియదు. హోటల్‌లో వంటమాస్టర్ తనకు వచ్చినవన్నీ చెప్పగలడు, ఏది కావాలో మాత్రం టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళే చెప్పాలి. ఆ దారులే రీస్టార్ట్‌లు.

```
(డెఫన్ ధర-తీయి (లైన్ సంఖ్య)
  (హ్యాండ్లర్-కేస్ (పార్స్-ఇంటీజర్ లైన్)
    (పార్స్-ఎర్రర్ (సి)
      (ఎర్రర్ 'ధర-అంకె-లోపం
             :సంఖ్య సంఖ్య :లైన్ లైన్ :మూలం సి))))

(డెఫన్ లైన్-చదువు (లైన్ సంఖ్య)
  (రీస్టార్ట్-కేస్ (ధర-తీయి లైన్ సంఖ్య)
    (లైన్-వదిలేయి ()
      :రిపోర్ట్ "ఈ లైన్ వదిలేసి ముందుకు వెళ్ళు"
      నిల్)
    (యూజ్-వాల్యూ (ధర)
      :రిపోర్ట్ "ధర నేనే ఇస్తాను"
      :ఇంటరాక్టివ్ అడిగి-తీసుకో
      ధర)))
```

ధర-తీయిలో హ్యాండ్లర్-కేస్ వాడినా నష్టం లేదు. పార్స్-ఇంటీజర్ లోపలి స్టాక్ మనకు అక్కర్లేదు, దాని కండిషన్‌ను మూలం స్లాట్‌లో దాచుకున్నాం. ఇలా కింది లైబ్రరీ భాషలో వచ్చిన తప్పును మన ప్రోగ్రామ్ భాషలోకి మార్చడం పైవాళ్ళకు పెద్ద సాయం.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- రీస్టార్ట్‌ను లూప్ బయట పెట్టడం. అప్పుడు "లైన్ వదిలేయి" అంటే మొత్తం ఫైల్‌ను వదిలేసినట్టే. లైన్‌కొకటి కావాలంటే లూప్ లోపలే ఉండాలి.
- :ఇంటరాక్టివ్ ఫంక్షన్ (పైన అడిగి-తీసుకో, దాన్ని మీరే రాసుకోవాలి) ఒక విలువ ఇవ్వడం. అది విలువల లిస్టును ఇవ్వాలి. ఒక్క ధర అయినా లిస్టులో పెట్టే ఇవ్వండి.
- అన్నిటికీ కొత్త పేర్లు పెట్టడం. యూజ్-వాల్యూ, స్టోర్-వాల్యూ, కంటిన్యూ, అబార్ట్, మఫుల్-వార్నింగ్ అనే పేర్లకు భాషలో ముందే అర్థాలున్నాయి, వాటిని పిలిచే ఫంక్షన్లూ ఉన్నాయి. అర్థం సరిపోయిన చోట వాటినే వాడండి.
- పేరును ఎక్స్‌పోర్ట్ చేయకపోవడం. రీస్టార్ట్ పేరు కూడా సింబలే. వేరే ప్యాకేజీ నుంచి అదే పేరుతో వెతికితే దొరకదు, ఎందుకు దొరకలేదో ఎవరూ చెప్పరు. కండిషన్ పేర్లు, రీడర్లతోపాటు రీస్టార్ట్ పేర్లనూ ఎక్స్‌పోర్ట్ జాబితాలో పెట్టండి.

## 5. పై పొర: నిర్ణయం

```
(డెఫన్ చెడ్డ-లైన్-వదులు (సి)
  (లెట్ ((దారి (ఫైండ్-రీస్టార్ట్ 'లైన్-వదిలేయి సి)))
    (వెన్ దారి
      (ఇన్వోక్-రీస్టార్ట్ దారి))))

(హ్యాండ్లర్-బైండ్ ((ధర-లోపం #'చెడ్డ-లైన్-వదులు))
  (ఫైల్-చదువు "ధరలు"))
```

ఫైల్-చదువు అంటే ప్రతి లైన్ మీదా లైన్-చదువును పిలిచే లూప్, దాన్ని మీరే రాసుకోండి. రాత్రిపూట తనంతట తాను నడిచే ప్రోగ్రామ్ అయితే వదిలేయమంటాం. మనం కూర్చుని చూస్తుంటే హ్యాండ్లరే పెట్టం. డీబగ్గర్ మెనూలో రెండు దారులూ కనిపిస్తాయి, ఒకటి ఎంచుకుంటాం. కింది పొరలో ఒక్క అక్షరం మారలేదు.

ఇన్వోక్-రీస్టార్ట్‌కు నేరుగా పేరిస్తే, ఆ రీస్టార్ట్ లేని చోట కంట్రోల్-ఎర్రర్ వస్తుంది. అందుకే ముందు ఫైండ్-రీస్టార్ట్‌తో వెతకాలి. దానికి రెండో ఆర్గ్యుమెంట్‌గా కండిషన్ ఇవ్వడం మరవకండి. ఒక తప్పును పరిష్కరిస్తుండగా ఇంకో తప్పు వచ్చిన సందర్భాల్లో, వేరే కండిషన్‌కు కట్టిన రీస్టార్ట్‌ను పొరపాటున పట్టుకోకుండా ఆ ఆర్గ్యుమెంటే కాపాడుతుంది.

యూజ్-వాల్యూ, స్టోర్-వాల్యూ, కంటిన్యూ ఫంక్షన్లు దారి లేకపోతే ఊరికే నిల్ ఇస్తాయి. అబార్ట్, మఫుల్-వార్నింగ్ మాత్రం కంట్రోల్-ఎర్రర్ లేపుతాయి. ఈ తేడాకు ఒక పద్ధతంటూ కనిపించదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

## 6. మొదటి సొంత నిర్మాణం: మళ్ళీ ప్రయత్నించడం

ఇప్పుడు అసలు పని. నియమం ఒకటే: తెలివంతా ఫంక్షన్‌లో ఉండాలి, మ్యాక్రో పైపూతగా మాత్రమే ఉండాలి.

```
(డెఫన్ కాల్-మళ్ళీ (పని &కీ (సార్లు 3) (రకం 'ఎర్రర్) (విరామం 0))
  (చెక్-టైప్ సార్లు (ఇంటీజర్ 1))
  (లూప్ ఫర్ ఎన్ ఫ్రమ్ 1 టు సార్లు డు
    (బ్లాక్ ఒక-ప్రయత్నం
      (హ్యాండ్లర్-బైండ్
          ((కండిషన్
             (లాంబ్డా (సి)
               (వెన్ (అండ్ (టైప్-పి సి రకం)
                          (< ఎన్ సార్లు))
                 (రిటర్న్-ఫ్రమ్ ఒక-ప్రయత్నం)))))
        (రిటర్న్-ఫ్రమ్ కాల్-మళ్ళీ (ఫంకాల్ పని))))
    (స్లీప్ విరామం)))
```

(టైప్-పి అని రాసింది భాషలో మధ్యలో గీత లేకుండా ఒకే పదం.)

ఒక్కో నిర్ణయం ఎందుకో చూద్దాం.

హ్యాండ్లర్-కేస్ ఎందుకు కాదు? చివరి ప్రయత్నం కూడా విఫలమైతే ఏం జరగాలి? హ్యాండ్లర్-కేస్‌తో రాస్తే కండిషన్‌ను పట్టుకుని మళ్ళీ ఎర్రర్ లేపాలి. అప్పటికి స్టాక్ పోయింది. డీబగ్గర్ మన మళ్ళీ-ప్రయత్నం ఫంక్షన్‌ను చూపిస్తుంది, తప్పు జరిగిన చోటును కాదు. పైగా కింది పొర ఇచ్చిన రీస్టార్ట్‌లు కూడా స్టాక్‌తోపాటే పోయాయి. హ్యాండ్లర్-బైండ్‌తో రాసినప్పుడు చివరిసారి హ్యాండ్లర్ ఏమీ చేయకుండా తిరిగొస్తుంది. కండిషన్ అలాగే పైవాళ్ళ దగ్గరికి, వాళ్ళూ వద్దంటే డీబగ్గర్‌కు, చెక్కుచెదరకుండా వెళ్తుంది.

టైప్-పి ఎందుకు? హ్యాండ్లర్-బైండ్ క్లాజ్‌లో రకం స్థానాన్ని భాష లెక్కగట్టదు, రాసింది రాసినట్టే తీసుకుంటుంది. మన దగ్గర రకం ఒక వేరియబుల్‌లో ఉంది. కాబట్టి అన్నిటినీ విని, మనది కానిదాన్ని వదిలేస్తున్నాం.

స్లీప్ బ్లాక్ బయట ఎందుకు? హ్యాండ్లర్ లోపలే పడుకుంటే స్టాక్ ఇంకా చుట్టుకోలేదు. తెరిచిన ఫైలు, పట్టుకున్న లాక్, డేటాబేస్ కనెక్షన్ అన్నీ ఆ విరామమంతా మన చేతిలోనే ఉంటాయి. ముందు బ్లాక్ నుంచి బయటికి వస్తే, ఎలా బయటపడినా శుభ్రం చేసే అన్‌వైండ్-ప్రొటెక్ట్‌లు నడిచి అన్నీ విడిచిపెడతాయి, ఆ తర్వాత నిద్ర. సర్వర్ మీద లోడ్ పెరిగినప్పుడు మాత్రమే బయటపడే రకం తప్పు ఇది. అందుకే మొదట్లోనే సరిగా పెట్టాలి.

చెక్-టైప్ దేనికి? సార్లు 0 అని ఎవరైనా ఇస్తే పని ఒక్కసారీ జరగకుండా నిల్ వస్తుంది. నిశ్శబ్దంగా జరిగే ఇలాంటి తప్పు కంటే గట్టిగా అరిచే ఎర్రర్ నయం.

ఇక మ్యాక్రో రెండు లైన్లే:

```
(డెఫ్-మ్యాక్రో మళ్ళీ-ప్రయత్నిస్తూ ((&రెస్ట్ ఎంపికలు) &బాడీ బాడీ)
  `(కాల్-మళ్ళీ (లాంబ్డా () ,@బాడీ) ,@ఎంపికలు))

(మళ్ళీ-ప్రయత్నిస్తూ (:సార్లు 5 :విరామం 2 :రకం 'నెట్వర్క్-లోపం)
  (ధరలు-తెచ్చుకో))
```

(డెఫ్-మ్యాక్రో కూడా అసలులో గీత లేని పదమే.) జెన్‌సిమ్ (పేర్లు ఢీకొనకుండా కొత్త పేరు పుట్టించేది) ఎక్కడా అవసరం పడలేదని గమనించండి. మ్యాక్రో ఏ కొత్త పేరునూ వాడేవాళ్ళ కోడ్‌లోకి చొప్పించడం లేదు. ఇదే లూప్‌ను మ్యాక్రో లోపల విస్తరించి ఉంటే, లూప్ తనంతట తాను నిల్ అనే బ్లాక్ పెడుతుంది. వాడేవాళ్ళు బయటి డూలిస్ట్ నుంచి బయటపడాలని రాసిన రిటర్న్ మన లూప్‌కు తగిలి ఆగిపోతుంది. ఫంక్షన్‌లో దాచడంతో ఆ బెడద లేదు. ఇంకో లాభం: ఫంక్షన్‌ను సరిదిద్ది మళ్ళీ లోడ్ చేస్తే చాలు, మ్యాక్రో వాడిన ఫైళ్ళన్నీ మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు.

వాడేటప్పుడు ఎదురయ్యే చిక్కులు:

- రకం ఎర్రర్ అనే వదిలేస్తే, స్పెల్లింగ్ తప్పు వల్ల వచ్చిన అన్‌డిఫైన్డ్-ఫంక్షన్ కూడా మూడుసార్లు నడుస్తుంది. నిజంగా తాత్కాలికమైన తప్పులకే పరిమితం చేయండి.
- బాడీ రెండుసార్లు జరిగితే నష్టమా అని అడగండి. డబ్బు బదిలీ, ఎస్సెమ్మెస్ పంపడం లాంటివి ఇందులో పెట్టకూడదు.
- ఒకదానిలో ఒకటి పెడితే సార్లు గుణించుకుంటాయి. లోపల 5, బయట 5 అంటే 25.

## 7. రెండో నిర్మాణం: లోపం, ఫలితం, చివరికి

ఇతర భాషల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. మూడు ముక్కలూ ఒకే చోట కనబడాలంటారు. నా మటుకు నేను పెద్దగా వాడను, కానీ రాయడం తెలిస్తే మంచిది.

```
(డెఫ్-మ్యాక్రో ప్రయత్నించు (పని &రెస్ట్ క్లాజులు)
  (డూలిస్ట్ (క క్లాజులు)
    (అన్లెస్ (మెంబర్ (ఫస్ట్ క) '(:లోపం :ఫలితం :చివరికి))
      (ఎర్రర్ "తెలియని క్లాజ్: ~ఎ" క)))
  (ఫ్లెట్ ((ఏరు (పేరు)
            (లూప్ ఫర్ క ఇన్ క్లాజులు
                  వెన్ (ఈక్యూ (ఫస్ట్ క) పేరు)
                  కలెక్ట్ (రెస్ట్ క))))
    (లెట్ ((ఫలితం (ఫస్ట్ (ఏరు :ఫలితం))))
      `(అన్వైండ్-ప్రొటెక్ట్
           (హ్యాండ్లర్-కేస్ ,పని
             ,@(లూప్ ఫర్ ((రకం వే) . బాడీ) ఇన్ (ఏరు :లోపం)
                     కలెక్ట్ `(,రకం (,వే) ,@బాడీ))
             ,@(వెన్ ఫలితం
                 `((:నో-ఎర్రర్ ,@ఫలితం))))
         ,@(అప్లై #'అపెండ్ (ఏరు :చివరికి))))))
```

వాడుక:

```
(ప్రయత్నించు (ఫైల్-చదువు "ధరలు")
  (:లోపం (ధర-లోపం సి) (సందేశం-చూపు సి))
  (:ఫలితం (జాబితా) (సగటు జాబితా))
  (:చివరికి (తెర-తుడువు)))
```

తెలియని క్లాజ్‌ను విస్తరణ సమయంలోనే పట్టుకోవడం ముఖ్యం. లేకపోతే :చివరకి అని రాసినవాళ్ళ శుభ్రపరిచే కోడ్ ఎప్పటికీ నడవదు, ఎవరికీ తెలియదు.

:ఫలితం క్లాజ్‌లో లేచిన తప్పును అదే ప్రయత్నించులోని :లోపం క్లాజులు పట్టవు. ఇది :నో-ఎర్రర్ సహజ గుణం, మనకు కావాల్సిందీ ఇదే. సగటు లెక్కలో తప్పు జరిగితే అది ఫైల్ చదవడంలో తప్పు కాదు కదా.

చాలామందిని పట్టుకునే ఉచ్చు ఇంకోటుంది. :నో-ఎర్రర్‌కు పని ఇచ్చిన విలువలన్నీ ఆర్గ్యుమెంట్లుగా వస్తాయి. పని స్థానంలో గెట్‌హ్యాష్ లేదా ఫ్లోర్ ఉంటే రెండు విలువలు వస్తాయి. (జాబితా) అని ఒక్క పేరు రాస్తే ఆర్గ్యుమెంట్ల సంఖ్య కుదరక ఎర్రర్. దిద్దుబాటు సులువు: పేరు తర్వాత &రెస్ట్ పెట్టి మిగతావి ఒక పేరులోకి తీసుకుని, ఇగ్నోర్ అని డిక్లేర్ చేయండి.

:లోపం క్లాజులను రాసిన వరుసలోనే చూస్తుంది. తల్లి రకాన్ని పైన పెడితే పిల్లల క్లాజులకు వంతు రాదు. చిన్న రకం ముందు, పెద్ద రకం తర్వాత.

:చివరికి కోడ్‌లోనే తప్పు జరిగితే మొదటి తప్పు మరుగున పడిపోతుంది. అక్కడ చేసే పని చిన్నదిగా, విఫలమయ్యే వీలు తక్కువగా ఉండాలి.

## 8. మూడోది: రాసుకుని తప్పుకునే హ్యాండ్లర్

```
(డెఫన్ లోపం-నమోదు (సి)
  (ఇగ్నోర్-ఎర్రర్స్
    (ఫార్మాట్ *ఎర్రర్-అవుట్పుట్* "~&~ఎ: ~ఎ~%" (టైప్-ఆఫ్ సి) సి)))

(డెఫ్-మ్యాక్రో నమోదు-చేస్తూ (&బాడీ బాడీ)
  `(హ్యాండ్లర్-బైండ్ ((ఎర్రర్ #'లోపం-నమోదు)) ,@బాడీ))
```

ఇది ఏ తప్పునూ మింగదు. రాసుకుంటుంది, పక్కకు తప్పుకుంటుంది. స్టాక్ ఇంకా నిలబడి ఉంది కాబట్టి ఎస్‌బీసీఎల్‌లో ఎస్‌బీ-డీబగ్ ప్యాకేజీలోని ప్రింట్-బ్యాక్‌ట్రేస్‌ను ఇక్కడే పిలిస్తే తప్పు జరిగిన చోటి దాకా పూర్తి జాడ దొరుకుతుంది. ఇగ్నోర్-ఎర్రర్స్ లేకపోతే డిస్క్ నిండిన రోజున లాగ్ రాయడమే ఎర్రర్ అయి అసలు తప్పును కప్పేస్తుంది.

దీన్ని మళ్ళీ-ప్రయత్నిస్తూ లోపల పెడితే ప్రతి ప్రయత్నం లాగ్‌లోకి వస్తుంది. బయట పెడితే చివరి ఓటమి మాత్రమే వస్తుంది, లోపలివాళ్ళు పట్టుకున్నవి బయటివాళ్ళకు వినబడవు కాబట్టి. రెండూ సరైనవే, ఏది కావాలో తెలిసి పెట్టండి.

## 9. ఎంత పెద్ద వల వేయాలి?

- ఎర్రర్: మామూలుగా ఇదే పై హద్దు.
- సీరియస్-కండిషన్: మెమరీ అయిపోవడం వంటి స్టోరేజ్-కండిషన్లు ఇందులోకి వస్తాయి. ఎస్‌బీసీఎల్‌లో కంట్రోల్-సీ నొక్కితే లేచే కండిషన్ కూడా దీని కిందిదే, ఎర్రర్ కిందిది కాదు. దీన్ని పట్టుకుంటే ప్రోగ్రామ్‌ను కంట్రోల్-సీతో ఆపలేక తల పట్టుకోవాల్సి వస్తుంది.
- కండిషన్: హ్యాండ్లర్-కేస్‌లో ఇది రాశారంటే ఒక మామూలు హెచ్చరిక కూడా మొత్తం పనిని మధ్యలో తెంచేస్తుంది. కాల్-మళ్ళీలో వాడింది హ్యాండ్లర్-బైండ్‌తో, పైగా టైప్-పి కాపలాతో. అందుకే అక్కడ ప్రమాదం లేదు.

హ్యాండ్లర్లు ఆ థ్రెడ్‌కే పరిమితం. బాడీలో కొత్త థ్రెడ్ మొదలుపెడితే దానికి మన హ్యాండ్లర్లు అందవు, థ్రెడ్ నడిపే ఫంక్షన్ లోపల మళ్ళీ పెట్టాలి. బాడీ ఒక లాంబ్డాను తిరిగిచ్చి దాన్ని తర్వాత పిలిస్తే కూడా అంతే, అప్పటికి రక్షణ అయిపోయింది.

## 10. పరీక్షించడం

విజయం దారి ఒక్కటే పరీక్షిస్తే ఏమీ పరీక్షించనట్టే. కావాలని ఓడిపోయే పని రాయండి:

```
(లెట్ ((లెక్క 0))
  (అసర్ట్ (= 7 (మళ్ళీ-ప్రయత్నిస్తూ (:సార్లు 3)
               (ఇన్-సీ-ఎఫ్ లెక్క)
               (ఇఫ్ (< లెక్క 3) (ఎర్రర్ "కావాలని") 7))))
  (అసర్ట్ (= 3 లెక్క)))
```

(ఇన్-సీ-ఎఫ్ కూడా గీతలు లేని ఒకే పదం.) ఫైవ్‌ఏఎం అనే పరీక్షల లైబ్రరీ వాడేవాళ్ళకు, ఫలానా కండిషన్ లేచిందా అని చూడటానికి సిగ్నల్స్ అనే రూపం ఉంది.

చూడాల్సినవి:

- [ ] అన్ని ప్రయత్నాలూ ఓడిపోతే అసలు కండిషనే బయటికి వస్తోందా, దాని రకం మారలేదు కదా?
- [ ] రకం కుదరని తప్పు మొదటిసారే బయటపడుతోందా?
- [ ] రెండు విలువలు ఇచ్చే పని పెడితే రెండూ తిరిగొస్తున్నాయా?
- [ ] బాడీలో రిటర్న్-ఫ్రమ్ రాస్తే వాడేవాళ్ళు అనుకున్న చోటికే వెళ్తోందా?
- [ ] దూకి బయటపడినా :చివరికి నడుస్తోందా?
- [ ] వేరే ప్యాకేజీ నుంచి రీస్టార్ట్ దొరుకుతోందా?

ఎవరో మధ్యలో తప్పును మింగేస్తున్నారని అనుమానం వస్తే *బ్రేక్-ఆన్-సిగ్నల్స్* వేరియబుల్‌కు 'ధర-లోపం అని పెట్టండి. ఆ రకం కండిషన్ లేచిన క్షణానే, హ్యాండ్లర్లకు అందకముందే డీబగ్గర్ తెరుచుకుంటుంది. పని అయ్యాక తిరిగి నిల్ చేయండి. మ్యాక్రో మీద అనుమానమైతే మ్యాక్రోఎక్స్‌పాండ్-1 తో విస్తరణను కళ్ళతో చూడటమే మార్గం.

## 11. ఈమ్యాక్స్ లిస్ప్‌లో ఇదే పని

ఈమ్యాక్స్ కోసం రాసేవాళ్ళు పై ఆలోచనలో సగం తీసుకెళ్ళగలరు.

- కండిషన్లకు డిఫైన్-ఎర్రర్. తల్లి రకం ఇవ్వకపోతే ఎర్రరే తల్లి.
- కండిషన్-కేస్ బాడీ ఒకే ఒక్క ఫారం. రెండోది రాస్తే దాన్ని హ్యాండ్లర్‌గా తీసుకుంటుంది. ప్రాగ్ఎన్‌లో చుట్టండి. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు పడేది ఈ గుంటలోనే.
- :సక్సెస్ క్లాజ్ 28 వెర్షన్ నుంచి ఉంది, :నో-ఎర్రర్ లాంటిదే. హ్యాండ్లర్-బైండ్ 30 నుంచి వచ్చింది. పాత వెర్షన్లలోనూ నడవాల్సిన ప్యాకేజీ అయితే ఈ రెండూ లేకుండా రాయాలి.
- రీస్టార్ట్‌లు లేవు. బయట క్యాచ్ పెట్టి, హ్యాండ్లర్ నుంచి త్రో చేయడం వాటికి దగ్గరి ప్రత్యామ్నాయం.
- కంట్రోల్-జీ నొక్కితే లేచేది క్విట్, అది ఎర్రర్ కింద లేదు. దాన్ని పట్టుకోకండి.
- ఎర్రర్‌ను కండిషన్-కేస్ పట్టుకుంటే డీబగ్-ఆన్-ఎర్రర్ పెట్టుకున్నా డీబగ్గర్ రాదు. మ్యాక్రో లోపల కండిషన్-కేస్-అన్‌లెస్-డీబగ్ వాడితే ఆ తలనొప్పి తప్పుతుంది.
- బాడీని లాంబ్డాలో చుట్టే పద్ధతికి ఫైల్ మొదటి లైన్‌లో లెక్సికల్-బైండింగ్ టి అని ఉండాలి. మన మ్యాక్రో ఉన్న ఫైల్‌లో ఉంటే సరిపోదు, దాన్ని వాడే ఫైల్‌లోనూ ఉండాలి, ఎందుకంటే ఆ లాంబ్డా పుట్టేది అక్కడే.
- మ్యాక్రోకు డిక్లేర్‌లో ఇండెంట్, డీబగ్ రెండూ రాయండి. డీబగ్ లేకపోతే ఈమ్యాక్స్ డీబగ్గర్ ఈడీబగ్ బాడీ లోపలికి అడుగుపెట్టదు.